కంట్రోల్ దుకాణం ముందు పొద్దు

మార్చి 5

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి పోటెత్తే రోజులు. వెనుక గల్లీలోని కంట్రోల్ (రేషన్) దుకాణం ముందు పొద్దున్నే వరుస కట్టారు. సగం మంది బిహార్ హమాలీలే, రాత్రి లోడు దించి నేరుగా వచ్చినవాళ్లు. చాలామంది చేతిలో రేషన్ కార్డు లేదు. ఉండాల్సిన పనీ లేదు. ‘ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు’ పద్ధతిలో కార్డు నంబరో ఆధార్ నంబరో చెప్తే ఈ-పాస్ యంత్రంలో, అంటే డీలర్ వేలిముద్ర తీసుకునే యంత్రంలో, వాళ్ల ఊరి కార్డు తెరుచుకుంటుంది. ఇది తెలియక ఇక్కడ కొత్త కార్డు కోసం తిరుగుతూ ఊళ్లో పేరు తీసేయించుకునేవాళ్లున్నారు. ఇక్కడ కార్డు రాకపోతే రెంటికి చెడ్డ రేవడే.

బయటి రాష్ట్రం కార్డుకు మనిషికి నెలకు 5 కిలోల బియ్యం. 2023 జనవరి నుంచి డబ్బు కట్టే పని లేదు. తెలంగాణ కార్డుకు ఇచ్చే ఆరో కిలో మన రాష్ట్రం కలిపేది, అది వీళ్లకు రాదు. ములుగు నుంచో ఆసిఫాబాద్ నుంచో వచ్చిన అడ్డా కూలీకైతే ఏ దుకాణంలోనైనా ఆరు కిలోలూ వస్తాయి. నిరుపేదలకిచ్చే అంత్యోదయ కార్డుకు తలల లెక్క లేదు, ఇంటికి 35 కిలోలు.

గొడవంతా "బ్యాలెన్స్ లేదు భయ్యా" అన్న మాట దగ్గరే. డీలర్ మింగాడనుకుంటారు. చాలాసార్లు జరిగేది వేరు. కార్డులో ఆరుగురుంటే 30 కిలోలు. ఇద్దరు ఇక్కడ, నలుగురు అక్కడ. ఊళ్లో ఇల్లాలు ముందే వేలిముద్ర వేసి 30 కిలోలూ తెచ్చుకుంటే ఇక్కడ మిగిలేది సున్నా. వాటా విడగొట్టి తీసుకోవచ్చు కాబట్టి, ఆమె 20 తూయించుకుని 10 వదలాలి. నెల మారకముందే ఇంటికి ఫోన్ చేసి చెప్పాల్సిన ముక్క ఇది.

రెండోది వేలిముద్ర. బస్తాలు మోసి, సిమెంటు కలిపి వేళ్ల గీతలు అరిగిపోతాయి. మిర్చి ఘాటు, దుమ్ము అంటిన చేతిని సబ్బుతో కడిగి పొడిగా తుడవాలి, తడి వేలునూ యంత్రం చదవదు. బొటనవేలు పడకపోతే ఉంగరం వేలు పెట్టి చూడాలి, దానిమీద అరుగుదల తక్కువ. అదీ కాకపోతే కనుపాప. ప్రతి నెలా ఇదే తంటా అయితే ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు కొత్తగా ఎక్కించుకోవడమే మందు. ఈ-కేవైసీ, అంటే కార్డులోని మనిషి ఆధార్ సరిచూసే పని, కోసం ఛార్జీలు పెట్టుకుని బిహార్ పోనక్కర్లేదు, ఇక్కడి దుకాణంలోనే అవుతుంది.

మూడోది సరుకు. పంపిణీ మామూలుగా 1 నుంచి 15 దాకానే. సీజన్‌లో వచ్చి చేరిన మనుషులకు తగ్గట్టు కోటా పెరగకపోతే పదో తేదీకే బస్తాలు అడుగంటుతాయి. అది డీలర్ ఒక్కడి తప్పు కాదు. పై అధికారులు మిర్చి, పత్తి సీజన్లకు ముందే సరుకు పెంచి పంపాలి. పది గంటలు మూటలు మోసిన మనిషిని ఉత్త సంచీతో వెనక్కి పంపడం అన్యాయం.

బియ్యం దొరికినా వండుకోవడానికి పొయ్యి కావాలి. గదుల్లో దొంగచాటుగా నింపిన సిలిండర్లు చూస్తే భయమేస్తుంది. 5 కిలోల ఛోటు సిలిండర్‌కు చిరునామా పత్రం అడగరు, ఏదో ఒక గుర్తింపు కార్డు చాలు.

రేపు దుకాణం గోడకు హిందీలో, ఒడియాలో కాగితం అంటించాలి: కార్డు నంబరు చెప్పండి, మనిషికి 5 కిలోలు, ఫిర్యాదుకు 14445. ఒడియా రాసిపెట్టే మనిషి కోసం ఒడిశా కూలీలుండే ఇటుక బట్టీల వైపు అడగాలి.