చీటీ కోసం మూడు రోజులు

మాది పల్నాడులో చిన్న ఊరు, రెండు గేదెలున్నాయి. శనివారం సాయంత్రం పాలు తీయబోతే పెద్ద గేదె కాలు విసిరింది. చూస్తే వెనక కుడి చన్ను రాయిలా గట్టిపడింది, చెయ్యి పెడితే కాలుతోంది, పిండితే పాలు విరిగి ముక్కలు ముక్కలుగా పడుతున్నాయి. పొదుగువాపే. ఇరవై ఏళ్లుగా గేదెల్ని మేపుతున్నవాణ్ణి, ఆ మాత్రం నాకు తెలీదా?

పశువుల అంబులెన్సుకని 1962కి ఫోన్ చేస్తే బండి వేరే ఊరు వెళ్లిందన్నారు. ఆదివారం పశువుల ఆసుపత్రికి తాళం. నిరుడు ఇదే గేదెకి డాక్టరు రాసిన మందుల చీటీ జేబులో పెట్టుకుని టౌన్లో మందుల షాపుకి పోయాను.

అతను చీటీ తేదీ చూసి అద్దం మీదకి విసిరాడు. యాంటీబయాటిక్ కదా, షెడ్యూల్ హెచ్ అట, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందు, కొత్త చీటీ లేనిదే ఇవ్వనన్నాడు. జబ్బు అదే, మందు అదే, చన్ను పోతుందయ్యా అని బతిమాలితే, "అంత తెలిస్తే డాక్టరని బోర్డు పెట్టుకోరాదూ" అన్నాడు. పక్కనున్న నలుగురూ నవ్వారు, అందులో ఒకడు మా ఊరివాడే. సరే, రూలు రూలే అని బయటికొచ్చి చెప్పులేసుకుంటున్నానా, పెద్ద డెయిరీ కుర్రాడు బండి దిగి "అన్నా, మామూలువే" అన్నాడు. షాపువాడు అట్టపెట్టెడు ఇంజక్షన్లు కట్టి ఇచ్చాడు, చీటీ ఊసే లేదు. ఇదేంటని అడిగితే వాళ్లది తర్వాత వస్తుందట! నలభై గేదెలుంటే చీటీ తర్వాతైనా రావచ్చు, రెండే ఉంటే ముందే ఉండాలి. ఆ షాపు గడప మళ్లీ తొక్కను.

సోమవారం డాక్టరు గారు వచ్చేసరికి పన్నెండు దాటింది, ఆయన ఒక్కరికే రెండు ఆసుపత్రులు. వచ్చాక అయిదు నిమిషాల పని. నొప్పికి పాత డైక్లోఫెనాక్ రాయమన్నాను. ఆ మందు పడిన పశువు చస్తే దాన్ని తిన్న రాబందులు కిడ్నీలు పోయి చస్తాయని పశువులకి వాడటం 2006లోనే ఆపేశారట, తర్వాత వచ్చిన కీటోప్రోఫెన్ కూడా 2023లో పోయిందట. మెలాక్సికామ్ రాశారు. నిజమే, నా చిన్నప్పుడు ఊరి బయట కళేబరం పడితే గుంపులుగా వాలేవి, మా పిల్లలు రాబందుని చూడనే లేదు. రూలు మీద నాకు కోపం లేదు. తాళం వేసిన ఆసుపత్రికి పంపి చీటీ తెమ్మంటేనే కడుపు మండుతుంది.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. మందు వాడినన్నాళ్లూ, ఆపాక ఇంకో 7 రోజులూ పాలు కేంద్రానికి పోయకూడదన్నారు. మంచి చన్నుల పాలైనా అంతేనట. పూటకి నాలుగు లీటర్లు మా ఆవిడ పేడగుంటలో పోస్తుంటే నేను అటు చూళ్లేకపోయాను.

మీరు మాత్రం డాక్టరు ఫోన్ నంబరు ముందే తీసుకుని ఉంచుకోండి, ఆదివారం దాకా ఆగొద్దు. మా గేదెకి వాపు తగ్గింది కానీ ఆ చన్నులో ఇంకా గడ్డ ఉంది, పాలు సన్నగా దారంలా వస్తున్నాయి. గురువారం మళ్లీ తీసుకురమ్మన్నారు.