పెంపకం బాలేదన్నారు

మావాడికి ఏడీహెచ్‌డీ, అంటే శ్రద్ధ నిలవక కుదురుగా ఉండలేని సమస్య, అని తేలేసరికి మూడో తరగతికి వచ్చేశాడు. అంతవరకూ వాడి అల్లరికి ముద్దాయిని నేనే. గారాబం చేసి చెడగొట్టానని చుట్టాలు, ఫోన్ అలవాటు చేశానని ఇరుగుపొరుగు. అవన్నీ పడ్డాను. పడలేకపోయింది ఒక ప్రైవేటు డాక్టరు మాట. వాడి వంక సరిగా చూడనైనా లేదు. "అల్లరికి మందుండదమ్మా. ఇంట్లో పెంపకం బాగుంటే పిల్లలు ఇలా తయారవరు" అన్నాడు, వాడి ముందే. ఆటోలో వస్తుంటే వాడు "అమ్మా, నేను చెడ్డోణ్ణా?" అని అడిగాడు. ఆ డాక్టరును ఇప్పటికీ క్షమించలేదు.

ఆ ఏడాదే విజయనగరంలో పైడితల్లమ్మ తొలేళ్ళ (సిరిమానోత్సవం ముందురోజు) రాత్రి మూడు లాంతర్ల కూడలి దగ్గర జనంలో నా చెయ్యి విడిపించుకుని పరిగెత్తాడు. డప్పు వినబడితే చాలు, ఆగడం వాడి చేతుల్లో ఉండదు. క్షణంలో కనబడకుండా పోయాడు. పేరు పెట్టి అరుస్తుంటే నా గొంతు నాకే వినబడలేదు. మా అత్తయ్య రోడ్డు మీదే కూలబడి "తల్లీ, నా మనవణ్ణి నాకివ్వు" అని దండాలు పెడుతోంది. లారీల కింద పడ్డాడేమో, ఎవరైనా ఎత్తుకుపోయారేమో అని లేనిపోని ఆలోచనలన్నీ వచ్చాయి. చివరికి ఒక హోంగార్డు చూపిస్తే వెళ్ళాం. గాజులమ్మే ఆవిడ పక్కన కూర్చుని ఉన్నాడు. రంగుల వారీగా గాజులు సర్దమని ఆవిడ చెప్పిందట. అంతసేపూ కదల్లేదట! ఒక్కచోట నిమిషం కూర్చోడని అందరూ అనే పిల్లాడు. ఆవిడ కాళ్ళకు దండం పెట్టాను. ఆ అమ్మవారే ఆవిడ రూపంలో వచ్చిందని మా అత్తయ్య నమ్మకం, నాదీ అదే.

తర్వాత కొన్నాళ్ళకు వాడి సర్కారు బడికి పిల్లల ఆరోగ్యం పరీక్షించే ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) బృందం వచ్చింది. 2013లో మొదలైన ఈ పథకంలో పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకు చూసే జబ్బుల్లో ఏడీహెచ్‌డీ కూడా ఉందని నాకు అప్పటిదాకా తెలీదు. ఆ డాక్టరమ్మ టీచర్ని వేరుగా, నన్ను వేరుగా అడిగి, ఇలాంటి పిల్లల్ని చూసే జిల్లా సర్కారు కేంద్రం డీఈఐసీకి చీటీ రాసింది. అక్కడి సైకాలజిస్టుకు గాజుల సంగతి చెప్పాను. "శ్రద్ధ లేక కాదమ్మా, ఇష్టమైన దానికి అతుక్కుపోతారు, లేనిదాని మీద నిలబెట్టుకోలేరు. మెదడు తీరే అంత. మీ తప్పు కాదు" అన్నారు. అక్కడే ఏడ్చేశాను. ఇంటా బడిలోనూ రెండుచోట్లా, కనీసం ఆరు నెలలుగా లక్షణాలు ఉంటేనే ఈ పేరు పెడతారట. రెండు నిమిషాల్లో తేల్చేది కాదు. ఆ ప్రైవేటాయనకి ఇది తెలీదా?

విశాఖ వెళ్ళి మందు మొదలుపెట్టాం. వాడికి రాసిన మిథైల్‌ఫెనిడేట్ షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే అమ్మకం మీద గట్టి కట్టడి ఉన్నది. చీటీ రెండు కాపీలు కావాలి, ఒకటి షాపువాళ్ళు దాచుకుంటారు. చాలా షాపుల్లో అసలు ఉంచరు. ఒకచోట నన్ను దొంగని చూసినట్టు చూసి "ఇది పిల్లలకెందుకు?" అన్నారు. చీటీ చేతిలో పెట్టుకుని కూడా సంజాయిషీ చెప్పుకోవాలా? కుట్టుపని మానుకుని బస్సెక్కే తల్లికి ఆ టెన్షన్ కూడా ఎందుకు?

ఏడీహెచ్‌డీ మందుతో పూర్తిగా పోయే జబ్బు కాదు. కానీ ఇప్పుడు రోడ్డు దాటేముందు ఆగుతున్నాడు, నోట్సు సగమైనా రాస్తున్నాడు. వాళ్ళ టీచర్ వాణ్ణి ముందు బెంచీలో కూర్చోబెట్టి, చిన్న చిన్న పనులు చెబుతున్నారు. ఆవిడ మేలు మరువను.

మీ ఇంట్లో ఇలాంటి పిల్లలుంటే కొట్టకండి, బడికి వచ్చే ఆర్‌బీఎస్‌కే బృందాన్ని గట్టిగా అడగండి. ఎవరితో చెప్పుకోవాలో తెలీకపోతే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులక్కర్లేదు. ఇక ఈ మందు వేస్తే పిల్లలకు ఆకలి తగ్గొచ్చు. మావాడికి పొద్దున మాత్ర వేసే ముందే కడుపునిండా టిఫిను పెట్టేస్తాను. బరువు, ఎత్తు, బీపీ చూడమని వెళ్ళినప్పుడల్లా అడుగుతాను. మీరూ అడగండి, మొహమాటపడకండి.