ఉప్పుగాలిలో రివాల్వర్: నా అనుభవం

మాది తాళ్లరేవు మండలం. గౌతమి సముద్రంలో కలిసే వైపు మాకు ఆరెకరాల వనామి రొయ్యల చెరువులున్నాయి. ఊరి నుంచి అక్కడికి మూడు కిలోమీటర్ల గట్టు దారి, మధ్యలో ఒక్క ఇల్లు లేదు. 2022లో ఒక రాత్రి పక్క రైతు షెడ్డులోకి ముగ్గురు దూరి, కాపలా ఉన్న ముసలాయన్ని మంచానికి కట్టేశారు. రొయ్యలు పట్టి అమ్మిన డబ్బు ఎక్కడ అని అడిగి, లేదన్నందుకు చెయ్యి విరగ్గొట్టి, చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్ మోటార్లు విప్పుకుపోయారు. తెల్లారి ఆయన్ని కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్లింది నేనే. దారి పొడుగునా ఆయన ఒకటే మాట: "కేకేస్తే వినేవాడు లేడు బాబూ."

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. చిన్న రివాల్వర్ ఒకటి ఉంటే ఇంటికీ పనికొస్తుంది, చెరువు దగ్గరా పనికొస్తుంది, ఏడాదికి రెండుసార్లు బావమరుదులతో మారేడుమిల్లి వైపు టెంట్లు వేసుకుని ఉంటాం కాబట్టి అక్కడా ధైర్యంగా ఉంటుంది అనుకున్నాను. ఏ మోడల్ మంచిది, ఎంత బరువు, ఎంత ధర అని నెల రోజులు అదే పనిగా చూశాను. ఆ నెల రోజులూ తప్పు చోట వెతికాను. రివాల్వర్ ఎక్కడ ఉండబోతోంది, ఎవరి చేతిలో ఉండబోతోంది అన్నవి ముందు తేలాలి. ఆ రెండూ తేలితే మోడల్ దానంతటదే తేలుతుంది.

మన దేశంలో ఇదంతా 1959 ఆయుధాల చట్టం, 2016 ఆయుధాల నియమాల కింద జరుగుతుంది. 21 ఏళ్లు నిండాలి. మా జిల్లాలో లైసెన్సు ఇచ్చేది కలెక్టర్. ఆన్‌లైన్‌లో ఫారం ఎ-1 నింపి, ఆధార్, ఫొటోలు, ఐటీ రిటర్నులు పెట్టాను. శరీర ఆరోగ్యంతోపాటు మానసిక ఆరోగ్యం గురించి కూడా డాక్టరు సర్టిఫికెట్ కావాలి. ఆయుధాన్ని ఇంట్లో ఎక్కడ, ఎలా భద్రపరుస్తామో రాసివ్వాలి. తర్వాత పోలీసు విచారణకు వచ్చారు. ఇంటి చుట్టూ చూశారు, అటూ ఇటూ ఇళ్లవాళ్లను అడిగారు. పాత కేసులున్నాయా, తగాదాలున్నాయా, తాగుడు అలవాటుందా అని. ఇరుగుపొరుగు ముందు కాస్త ఇబ్బందిగా అనిపించినా, ఈ ప్రశ్నలు అడగాల్సినవే.

నాకు ఎవరూ ముందు చెప్పని సంగతి ఆ తర్వాత తెలిసింది. మా ఊరు కోరింగ అభయారణ్యానికి దగ్గర. మడ అడవులు, నీటికుక్కలు, బావురుపిల్లులు ఉన్న ఆ ప్రాంతాన్ని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 34వ సెక్షను ప్రకారం అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపు కొత్తగా ఆయుధ లైసెన్సు ఇవ్వాలంటే రాష్ట్ర అటవీ శాఖలో వన్యప్రాణుల బాధ్యత చూసే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందస్తు అంగీకారం ఉండాలి. మా ఇల్లు ఆ పది కిలోమీటర్ల లోపలే. ఫైలు అటు కూడా వెళ్లి రావాలి. దరఖాస్తు పెట్టిన దగ్గర్నుంచి లైసెన్సు చేతికొచ్చేదాకా ఏడాది దాటింది. కోరింగ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, పులికాట్, కొల్లేరు అభయారణ్యాల దగ్గరివాళ్లు ఈ సంగతి ముందే లెక్కలో పెట్టుకోవాలి.

అదే చట్టంలో 31వ సెక్షను నా క్యాంపింగ్ ఆలోచనకు తెర దించింది. వార్డెన్ రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో అడుగుపెట్టకూడదు. జాతీయ పార్కులకూ అదే నియమం. మారేడుమిల్లి పక్కనున్న పాపికొండలు 2008 నుంచి జాతీయ పార్కు. చేతిలో లైసెన్సు ఉంది కదా అని రివాల్వర్ బ్యాగులో వేసుకుని అడవిలోకి వెళ్తే వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది. నిజం చెప్పాలంటే అడవిలో దాని అవసరం కూడా లేదు. ఎలుగుబంటిని ఆపే సత్తా మనకు దొరికే చిన్న రివాల్వర్లలో పడే .32 అంగుళాల తూటాకు లేదు. అక్కడ అసలు భయం పాములది. ఎత్తు బూట్లు, మంచి టార్చి, జిప్పు సరిగ్గా పడే టెంటు, చీకటి పడ్డాక ఒంటరిగా వాగు వైపు పోకుండా ఉండటం. ఇప్పుడు మేం వెళ్లేది వీటితోనే.

ఇక తుపాకీ సంగతి. .380, .455 రివాల్వర్లు, సైన్యం, పోలీసులు వాడే సర్వీసు 9 ఎంఎం పిస్తోళ్లు ప్రొహిబిటెడ్ బోర్, అంటే మామూలు లైసెన్సు మీద ఇవ్వని తూటా సైజులు. మనలాంటివాళ్లకు దొరకవు. చిన్న ఆయుధాల్లో మనకు ముఖ్యంగా మిగిలేది .32. పిస్తోలా, రివాల్వరా అంటే నేను రెండోదే అనుకున్నాను. ఒక తూటా పేలకపోతే ట్రిగ్గర్ మళ్లీ నొక్కితే చాలు, తూటాలుండే సిలిండర్ తిరిగి తర్వాతి తూటా వస్తుంది. కంగారులో ఉన్న మనిషికి ఆ తేలిక చాలా అవసరం.

శిక్షణ కోసం రైఫిల్ క్లబ్‌కు వెళ్లినప్పుడు నా అంచనాలు చాలా మారాయి. ఇన్‌స్ట్రక్టర్ గారు ముందు ఖాళీ రివాల్వర్ చేతికిచ్చారు. "వేలు ట్రిగ్గర్ మీద కాదండి, ఫ్రేమ్ పక్కన. కాల్చాలని నిర్ణయించుకున్నాకే లోపలికి రావాలి" అన్నారు. ఆ ఒక్కటీ చేతికి అలవాటయ్యేదాకా తూటా ముట్టనివ్వలేదు. తర్వాత ఏడు మీటర్ల దూరంలో కాగితం పెట్టారు. హ్యామర్, అంటే తూటాను పేల్చే సుత్తి లాంటి భాగం, వెనక్కి లాగి కాలిస్తే ట్రిగ్గర్ తేలిగ్గా కదిలింది, తూటాలు మధ్యకు దగ్గరగానే పడ్డాయి. హ్యామర్ లాగకుండా నేరుగా ట్రిగ్గర్ నొక్కితే మాత్రం వేలితో బావిలో చేద లాగినంత బరువు. ఆ లాగుడుకి గొట్టం కొస కిందికి, ఎడమకి వంగిపోయింది. ఆరింట్లో రెండే కాగితానికి తగిలాయి. పట్టపగలు, ఎదురుగా మనిషి లేడు, భయం లేదు. ఏడు మీటర్లంటే మా వరండా పొడవు. మా వరండా అవతల గోడకి ఆనుకుని తాటాకు పాకలో నాలుగు ప్రాణాలు పడుకుంటాయి. మిగతా నాలుగు తూటాలు ఎటు పోయేవో ఆ రోజు నాకు కళ్లకు కట్టింది.

అక్కడి నుంచి చూసే చూపు మారింది. కాన్పూర్‌లో తయారయ్యే మార్క్ త్రీ రివాల్వర్ ఉక్కుది, సుమారు 700 గ్రాములు. 2014లో అక్కడి నుంచే వచ్చిన నిర్భీక్ టైటానియం అల్లాయ్‌ది, 500 గ్రాములు. 2023 ఆగస్టులో ప్రబల్ వచ్చింది. దాని సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది, మిగతా రెండూ మధ్యకు విరిచి తెరిచే రకం. మొదట్లో నా కన్ను నిర్భీక్ మీదే ఉండేది, తేలిక కదా అని. తేలికైన తుపాకీ నడుముకు సుఖం కానీ చేతికి కాదు. బరువున్నది పేలినప్పుడు తక్కువ ఎగురుతుంది, గట్టి ట్రిగ్గర్ లాగేటప్పుడు తక్కువ ఊగుతుంది. నేను దాన్ని నడుముకు పెట్టుకు తిరిగేవాణ్ని కాదు. మార్క్ త్రీ తీసుకున్నాను. ధర మీద అప్పుడు 28 శాతం జీఎస్టీ పడింది.

కొనడానికి వెళ్లేముందు రాత్రి మా ఆవిడ అడిగిన ప్రశ్న ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే పెద్దది.

"ఏవండీ, మీరు చెరువు దగ్గర పడుకున్న రోజు అది ఎక్కడుంటుంది?"

"నా దగ్గరే."

"ఇంట్లో నేనూ అత్తయ్యగారూ ఉంటాం కదా. పోనీ ఇక్కడే ఉంచారనుకోండి, అవసరమైతే నేను తీయచ్చా?"

తీయకూడదు. లైసెన్సు నా పేరు మీద, ఆయుధం నా చేతికి మాత్రమే. లాకరు తాళం ఆమెకు ఇచ్చినా తప్పే. అంటే ఇంటికి కాపలా ఎక్కువ కావాల్సిన రాత్రి ఆ రివాల్వర్ ఇంటికి ఏ రకంగానూ పనికిరాదు. ఆమె అడగకపోతే నాకు తట్టేది కాదు. మర్నాడు ప్రయాణం మానుకుని ముందు ఇంటి పని చేయించాను. వరండాకు ఇనుప గ్రిల్, పెరటి వైపు మనిషి కదిలితే వెలిగే లైట్లు, అమ్మ మంచం పక్కన స్విచ్చుతో ఒక సైరన్, ఫోనులో మొదటి నంబరుగా 112. మొత్తం పద్దెనిమిది వేలయింది. రివాల్వర్ ఆ తర్వాతే కొన్నాను.

ఇంకొకటి కూడా తెలుసుకున్నాను. రాత్రిపూట ఇంట్లోకి చొరబడినప్పుడు, దోపిడీ జరుగుతున్నప్పుడు ఆత్మరక్షణ హక్కు ఎంతవరకు ఉంటుందో అప్పటి భారత శిక్షాస్మృతి (ఐపీసీ) 103వ సెక్షను చెప్పేది. 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహిత 41వ సెక్షను. ప్రాణానికి ముప్పు లేని మామూలు దొంగతనానికి ప్రాణం తీసే హక్కు లేదు. మోటారు విప్పుకుని పారిపోతున్నవాడి వీపు మీద కాల్చే హక్కు నాకు లేదు. ఉండకూడదు కూడా. మోటారు మళ్లీ కొనుక్కోవచ్చు.

2024 మార్చి 16న ఎన్నికల షెడ్యూలు వచ్చింది. ఎన్నికలు అయ్యేదాకా ఆయుధం పోలీసు స్టేషన్‌లో డిపాజిట్ చేయమని కబురొస్తే ఇచ్చి రసీదు తెచ్చుకున్నాను. తోలు పౌచ్‌లో పెట్టి ఇవ్వడం నా పొరపాటు. తోలు తేమను పీల్చి పట్టి ఉంచుతుంది, మాది ఉప్పుగాలి. జూన్‌లో తెచ్చుకుని విప్పి చూస్తే తోలు ఆనిన చోటల్లా సిలిండర్ మీద ఎర్రని చుక్కలు. నూనె, ఇత్తడి బ్రష్షు, మెత్తటి గుడ్డతో రెండు గంటలు కూర్చున్నాను. అన్నీ పోయాయి గానీ మినపగింజంత మచ్చ ఒకటి అలాగే ఉండిపోయింది. ఇప్పుడు నూనె రాసి పొడి గుడ్డలో చుట్టి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి లాకరులో ఉంచుతున్నాను. తూటాలు వేరే అరలో, వేరే తాళంతో. పదిహేను రోజులకోసారి తీసి తుడుస్తాను.

అది స్టేషన్‌లో ఉన్న ఆ రెండున్నర నెలల్లోనే మా గట్టు మీద ఐదుగురు రైతులం కూర్చుని, ఇంట్లో పెట్టినలాంటి సైరన్లు ఐదు షెడ్లకూ పెట్టించాం. కరెంటు పోయినా మోగేలా బ్యాటరీ పెట్టాం. ఒకటి మోగితే మిగతా నలుగురూ లైట్లు వేసుకుని రావాలని మాట. చెయ్యి అతుక్కున్నాక ముసలాయన మళ్లీ కాపలాకు వచ్చేశాడు. వైర్లు బిగించిన సాయంత్రం ఆయనే అడిగాడు: "ఒక్కసారి మోగించండి బాబూ, ఊళ్లోకి వినపడుద్దో లేదో." స్విచ్చు ఆయన చేతే వేయించాను. కొంగలన్నీ ఒక్కసారిగా లేచాయి. నిమిషం తిరక్కుండా మా ఆవిడ ఫోను చేసింది, ఏమైందండీ అని.