కొట్టేసిన జవాబు

మన బ్యాచ్ అమ్మాయిలకి బాగా గుర్తుండే ఉంటుంది, తొమ్మిదో తరగతిలో టెస్ట్ పేపర్లు పంచేటప్పుడల్లా మాస్టారు అనే మాట. "ఆడపిల్లలకి లెక్కలు ఎక్కవమ్మా, పాసైతే చాలు." తిట్టినట్టు కాదు, జాలిగా అనేవారు. అందుకే ఎవరమూ ఎదురు చెప్పలేదు.

ఒక టెస్ట్‌లో త్రిభుజం లెక్కకి జవాబు టక్కున వచ్చేసింది. ఇంత తేలిగ్గా వచ్చిందంటే ఎక్కడో తప్పు చేసుంటాను, తప్పయితే మళ్ళీ అదే మాట పడాలి, అదీ నాకొక్కదానికే కాదు మనందరికీ కలిపి పడుతుంది అని ఒకటే టెన్షన్. కొట్టేశాను. ఇంకోలా చేశాను, అదీ కొట్టేశాను, బెల్ మోగింది. పేపర్ చేతికొచ్చాక చూసుకుంటే మూడు గీతల కింద కనబడుతున్న ఆ మొదటి జవాబే కరెక్ట్. మార్కు మాత్రం సున్నా.

మనవాళ్ళకి రాదన్న ముద్ర నిజమైపోతుందేమోనన్న భయంతో పరీక్షలో తడబడటం మీద పరిశోధనలున్నాయని చాలా ఏళ్ళకి తెలిసింది. 1995లో క్లాడ్ స్టీల్, జాషువా ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో కాలేజీ విద్యార్థులకి కష్టమైన పేపర్ ఇచ్చి చూశారు. ఇది మీ సామర్థ్యాన్ని కొలిచే పరీక్ష అని చెప్పినప్పుడు చదువులో తక్కువనే ముద్ర మోస్తున్న నల్లజాతి విద్యార్థులు వెనకబడ్డారు, అదే పేపర్‌ని మామూలు అభ్యాసంలా ఇస్తే బాగా చేశారు. 1999లో స్టీల్ బృందమే అమ్మాయిలు, లెక్కల మీద ఇలాంటి ప్రయోగం చేసింది. ఈ పరీక్షలో ఆడా మగా తేడా ఉండదని ముందే చెబితే అమ్మాయిలు అబ్బాయిలకి దీటుగా రాశారు. తర్వాత చేసిన కొన్ని అధ్యయనాల్లో అంత తేడా కనబడలేదు, నిజమే. కానీ సగం బుర్ర భయానికి పోతే మిగతా సగంతో లెక్క చెయ్యడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

మార్కులు పోతే పోయాయి. నా బాధల్లా, ఆ తర్వాత ఎవరడిగినా "నాకు లెక్కలంటే ఇష్టం లేదు" అని చెప్పడం మొదలుపెట్టాను. రావు అనడం కంటే ఇష్టం లేదు అంటే పరువు దక్కుతుంది కదా. చెప్పగా చెప్పగా నేనే నమ్మేశాను, ఇంటర్‌లో లెక్కల్లేని గ్రూపే తీసుకున్నాను. పక్కింటి పాపకి హోంవర్క్ చెబుతూ ఒక రోజు రాత్రి పదకొండు దాకా త్రిభుజాలు గీస్తూ కూర్చున్నప్పుడు తెలిసింది, నాకు లెక్కలంటే ఎంత ఇష్టమో.

ఆ టెస్ట్ రోజు నా పక్క బెంచిలో ఉన్నదానా, నువ్వూ నీ జవాబు కొట్టేస్తుంటే చూశాను. ఏమీ అనలేకపోయాను. ఇది చదివితే ఒకసారి ఫోన్ చెయ్యవే.