అప్ప అడిగిన రేటు

2022 అక్టోబరు 19న డాలరు మొదటిసారి 83 రూపాయలు దాటింది. డ్యూటీ దిగి అబుదాబి ముసఫ్ఫాలో, ఇంటికి డబ్బు పంపే ఎక్స్చేంజ్ ముందు లైన్లో నిలబడి, ఇంటి వాట్సాప్ గ్రూపులో సంబరంగా పెట్టాను: "దిర్హాముకి 22న్నర!" నిమిషం గడవకుండానే పలాస నుంచి అప్ప ఫోను.

"రూపాయి పడిపోతే పండగేట్రా నీకు? మీ బావకి మూడు రోజులై కునుకు లేదు."

ఇంకో మాట లేకుండా పెట్టీసింది.

మనసు చివుక్కుమంది. లైన్లో ఉన్నవాళ్లందరి ముఖాల్లోనూ అదే సంతోషం. మేం చేసిన తప్పేంటి? తిత్లీ తుఫానుకి పోయిన ఇల్లు మళ్లీ లేపడానికి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాను. అప్పు రూపాయల్లో, జీతం దిర్హాముల్లో. రూపాయి దిగిన కొద్దీ ఆ బాకీ కోసం నేనిక్కడ పని చేయాల్సిన రోజులు తగ్గుతాయి. జీతం పెరిగి నాలుగేళ్లు. 2013లో ఏజెంటు బాకీ తీరిందీ ఇలాగే. ఆ మే నెలలో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ (ఫెడ్) అధ్యక్షుడు బెర్నాంకీ బాండ్ల కొనుగోళ్లు తగ్గించొచ్చని అన్నాడు, పెట్టుబడులు అటు మళ్లి ఆగస్టు 28కల్లా డాలరు 68 దాటింది. క్యాంపులో చేబదులు తెచ్చి మరీ ఇంటికి పంపారు.

యూఏఈ వాళ్లు దిర్హాముని 1997 నుంచి డాలరుకి 3.6725 దగ్గర కట్టేశారు. చమురు అమ్మేది డాలర్లలో కాబట్టి వీళ్లకదే నిలకడ. అందుకు బదులుగా, ఫెడ్ వడ్డీ పెంచితే వీళ్లూ పెంచాల్సిందే. మారకం రేటు కదలకూడదు, డబ్బు రాకపోకలకు అడ్డుండకూడదు అనుకున్న దేశానికి వడ్డీ మీద సొంత పెత్తనం మిగలదని 1960ల్లోనే ఆర్థికవేత్త రాబర్ట్ ముండెల్ చూపించాడు. 1999లో ఆయనకు నోబెల్ ఇచ్చారు. మన రూపాయికి అలాంటి కట్టు లేదు. 2022 మార్చి నుంచి ఫెడ్ వడ్డీ పెంచుకుంటూ పోయింది, రూపాయి జారుకుంటూ వచ్చింది.

ఇదంతా నాకు తెలుసు. బీకాం చదివి టైమ్ కీపర్ పని చేస్తున్నా, ఇలాంటివి వెతికి చదువుతాను. బావ సంగతే తట్టలేదు.

ఇల్లు తీసుకుపోయిన తిత్లీయే ఉద్దానంలో జీడి తోటల్నీ పడగొట్టింది. జీడిపప్పు వ్యాపారం చేసే బావ ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్ జీడిపిక్కల మీద ఆధారపడ్డాడు. దిగుమతి వ్యాపారి దగ్గర అరువుకి తెచ్చాడు, కట్టే రోజున్న డాలరు రేటుకి లెక్క. పప్పు మాత్రం దీపావళికని ముందే ధర ఒప్పుకుని రూపాయల్లో ఇచ్చేశాడు. ఒకే గాలివాన నాకు రూపాయల బాకీ పెట్టింది, ఆయనకి డాలర్ల బాకీ పెట్టింది. నాకు మిగిలే పైసలే ఆయనకి తరుగు.

ఐవరీ కోస్ట్ ఫ్రాంకు యూరోకి కట్టేసి ఉంటుంది. పండించేది ఫ్రాంకుల దేశం, కొనేది రూపాయల దేశం, బిల్లు డాలర్లలో. అమెరికా వాడు ఆ పిక్క ముట్టుకున్నది లేదు. ఆర్థికవేత్త గీతా గోపీనాథ్, తోటి పరిశోధకులు 2020లో అచ్చు వేసిన వ్యాసం సరిగ్గా దీని గురించే: ఇచ్చిపుచ్చుకునే రెండు దేశాల కరెన్సీల మధ్య రేటు కన్నా డాలరు రేటే సరుకు ధరల్ని ఎక్కువగా కదుపుతుందని. అది చదివినప్పుడు ఎంత మెచ్చుకున్నానో! అందులో మా బావ బిల్లు ఉందని అప్ప తిడితే గానీ కనిపించలేదు.

నవంబరు మధ్యలో డబ్బు పంపడానికి వెళ్లినప్పుడు గ్రూపులో ఏమీ పెట్టలేదు. అప్పే ఫోన్ చేసింది.

"ఈయేళ రేటెంతరా? బావ ఇంకో వాయిదా కట్టాల."

"డాలరు 81 చిల్లర."

"అమ్మయ్య, దిగిందా" అంది. చాలా రోజులకి ఆ గొంతు తేలిగ్గా వినిపించింది. నా ముందున్న సోంపేట కుర్రాడు రేటు బోర్డు చూసి, వచ్చే వారం చూద్దామని లైన్లోంచి వెళ్లిపోయాడు. నేను పంపేశాను.