పాప కోసం స్టంట్ స్కూటర్ బిగించుకున్నాం: నా అనుభవం

మడిచి కారు డిక్కీలో పెట్టుకునే కిక్ స్కూటర్ వేరు, ఎగిరి దూకడానికి చేసిన స్టంట్ స్కూటర్ వేరు. హన్మకొండలో నేను తిరిగిన బొమ్మల షాపుల్లో, సైకిల్ షాపుల్లో కనిపించినవన్నీ మొదటి రకమే. మా పాప దగ్గరున్నదీ అదే. దాని మీద సెల్లార్‌లో గుండ్రంగా తిరిగినన్నాళ్ళు ఏ ఇబ్బందీ లేదు. పదకొండేళ్ళు వచ్చాక ఫోన్‌లో వీడియోలు చూసి మెట్ల మీద నుంచి దూకడం మొదలుపెట్టింది. నాకు టెన్షన్ అక్కడే మొదలైంది.

మా బాపు కాజీపేట డీజిల్ షెడ్డులో ఫిట్టర్‌గా చేసి రిటైర్ అయ్యారు. ఒకరోజు ఆ స్కూటర్‌ను తిరగేసి, మడత దగ్గర చెయ్యి పెట్టి ఊపి చూశారు. "బిడ్డా, దీని మీద పొల్లను దుంకనియ్యకు. గీ పిన్ను అరిగింది, ఇంకిన్ని రోజులైతే ఇరుగుతది" అన్నారు. ఆయన చెప్పిన చోటే ఆ స్కూటర్ బలహీనత ఉంది. ఇప్పుడు మనం చూసే చిన్న చక్రాల అల్యూమినియం మడత స్కూటర్‌కు రూపం ఇచ్చినవారిలో ముఖ్యుడు స్విట్జర్లాండ్‌కు చెందిన విమ్ ఊబోటర్. నడిస్తే దూరం, కారు తీస్తే దండగ అనిపించే దారి కోసం ఆయన దాన్ని చేసుకున్నాడు. తైవాన్‌లోని జేడీ కార్పొరేషన్ తయారు చేయడంతో, 2000లో రేజర్ పేరుతో అమెరికాలో విపరీతంగా అమ్ముడుపోయింది. పిల్లలు దాన్ని స్కేట్ పార్కులకు తీసుకెళ్ళి దూకడం మొదలుపెట్టాక మడతలు విరగసాగాయి. కొందరు ఆ కీలును వెల్డింగ్ చేయించుకున్నారు. తర్వాత మడతే లేని, ఒకే ముక్కగా ఉండే స్కూటర్లు వచ్చాయి. స్టంట్ స్కూటర్ అంటే అదే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు అన్నీ బిగించి వచ్చే పూర్తి స్కూటర్ కొనడమే మేలు. నేనూ ఆ ఆలోచనలోనే ఉన్నాను. ఇంతలో హైదరాబాద్‌లో ఉంటున్న మా తమ్ముడి స్నేహితుడు, వాళ్ళబ్బాయి వాడి వదిలేసిన స్టంట్ స్కూటర్ పంపిస్తానన్నాడు. డెక్ బాగుంది, ఫోర్క్ బాగుంది. హ్యాండిల్ బార్‌కు వెల్డింగ్ దగ్గర సన్నటి పగులు ఉంది, చక్రాల మీద రబ్బరులాంటి పొర ముక్కలుగా లేచింది, గ్రిప్పులు చిరిగాయి. బార్, చక్రాలు, బేరింగులు, గ్రిప్పులు కొత్తవి వేయాలి. అలా ఈ విడిభాగాల లోకంలోకి దిగాను.

కాళ్ళు పెట్టే పలక డెక్. దాని మీద అతికించే గరుకు కాగితం గ్రిప్ టేప్. ముందు చక్రాన్ని పట్టుకునేది ఫోర్క్. ఫోర్క్ గొట్టం డెక్ మెడలోంచి పైకి వస్తుంది. ఆ మెడలో పైనా కిందా కూర్చునే బేరింగుల జత హెడ్‌సెట్. పైన హ్యాండిల్ బార్, బార్‌నూ ఫోర్క్‌నూ కలిపి పట్టి ఉంచేది క్లాంప్. వెనక చక్రం మీద మడమతో నొక్కే రేకు బ్రేకు. వీటిలో ఏదీ కష్టం కాదు. ఒక గంటలో అర్థమైపోతుంది.

కష్టమంతా కంప్రెషన్ దగ్గర ఉంది. హెడ్‌సెట్ బేరింగులు వదులు లేకుండా, బిగుసుకుపోకుండా ఉండాలంటే ఫోర్క్‌ను కింది నుంచి పైకి లాగి పట్టి ఉంచాలి. కంప్రెషన్ అంటే అదే. ఆ పని చేసే పద్ధతులు నాలుగు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి: ఐహెచ్‌సీ, హెచ్‌ఐసీ, ఐసీఎస్, ఎస్‌సీఎస్. ఏ పద్ధతి ఎంచుకుంటే దానికి తగ్గ ఫోర్క్, దానికి తగ్గ బార్, దానికి తగ్గ క్లాంప్ కావాలి. ఒకటి మారితే మిగతావి పట్టవు. అందుకే కొత్తవాళ్ళు ఎవరైనా అడిగితే రంగు, బ్రాండ్, బరువు అన్నీ పక్కన పెట్టి ముందు ఈ పేరు కనుక్కోమని చెబుతాను.

మాకు వచ్చిన ఫోర్క్ ఐహెచ్‌సీ. ఇందులో ఫోర్క్ గొట్టం సన్నగా, 25.4 మిల్లీమీటర్లు ఉంటుంది. దాని మీద షిమ్ అనే పల్చటి తొడుగు వేస్తే 28.6 అవుతుంది. దాని మీద మామూలు సైజు స్టీలు బార్ దిగుతుంది. ఆ బార్ బయటి కొలత 31.8. హెచ్‌ఐసీలో ఫోర్క్ గొట్టమే 28.6 ఉంటుంది, దాని మీద షిమ్, ఆ పైన లావు బార్, బయటి కొలత 34.9. ఎస్‌సీఎస్‌లో బార్ ఫోర్క్ మీద తొడుక్కోదు. రెండూ పెద్ద క్లాంప్ లోపల ఒకదాని మీద ఒకటి నిలబడతాయి. బలంగా ఉంటుంది, బరువూ ఎక్కువే. ఐసీఎస్‌లో పొడవాటి బోల్టు ఫోర్క్ అడుగు నుంచి పైకి వెళ్ళి బార్ లోపలున్న నట్టును పట్టుకుంటుంది. తేలిక, కానీ సర్దాలంటే ముందు చక్రం విప్పాలి.

బార్ ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాను. ఐహెచ్‌సీకి సరిపోతుందని అమ్మేవాళ్ళే రాశారు. వచ్చాక బాపు గొట్టాల లోపలి, బయటి కొలతలు తీసే తన పాత వెర్నియర్ తీశారు. బయట 34.9, లోపల దాదాపు 31.8. అది హెచ్‌ఐసీ బార్. "గిది మన గొట్టానికి పట్టది బిడ్డా, నడుమ సందున్నది" అన్నారు. అమ్మినవాళ్ళకు ఫోన్ చేస్తే, క్లాంప్ గట్టిగా బిగిస్తే సరిపోతుంది మేడమ్ అన్నారు. అది సరిపోయే విషయం కానే కాదు. మూడు మిల్లీమీటర్ల సందును బోల్టు బలంతో మూయలేం. పైగా మా దగ్గరున్న క్లాంప్ ఆ లావు బార్‌కు ఎక్కదు కూడా. పాప గాల్లో ఉన్నప్పుడు బార్ తిరిగిపోతే పళ్ళూ ముఖమూ ఏమవుతాయి? వెర్నియర్ ఆనించిన ఫోటోలు పంపి, వారం పాటు వెంటపడి మార్పించుకున్నాను. ఒక్క జాగ్రత్త చెప్పాలి: అల్యూమినియం బార్లలో బయటి కొలత లావుగా ఉండి లోపలి కొలత సన్నగా ఉండేవి ఉంటాయి. కాబట్టి లోపలిది, బయటిది రెండూ అడగండి. వెర్నియర్ లేకపోతే దగ్గర్లో లేత్ మిషన్ ఉన్న వర్క్‌షాపుకు పట్టుకెళ్ళండి, నిమిషంలో కొలిచి చెబుతారు.

బార్ ఎత్తు విషయంలో నేను అందరితో ఏకీభవించను. స్టంట్లకు బార్ పొట్టిగా ఉండాలంటారు. డెక్ మీద బూట్లతో నిలబడితే తుంటి ఎముకకూ నడుముకూ మధ్య ఎక్కడో ఉంటే మంచిదన్నది మామూలు లెక్క. ఎదిగే పిల్లకు ఆ లెక్కలో పై అంచు దగ్గరే ఉంచమంటాను. తర్వాత పొడవైతే ఆక్సా బ్లేడుతో కింది నుంచి కోసుకోవచ్చు, తగ్గిన బార్‌ను పెంచలేం. కోసేటప్పుడు అడుగున ఉండే చీలిక సరిపడా మిగలాలి. క్లాంప్ బార్‌ను నొక్కి పట్టుకునేది ఆ చీలిక ఉన్నందుకే.

పార్క్, స్ట్రీట్ అని రెండు రకాల సెటప్‌లు అంటారు. ర్యాంపుల మీద గాల్లో తిప్పేవాళ్ళు తేలిక బార్, సన్నటి డెక్ కోరుకుంటారు. మెట్లు, అంచులు, రెయిలింగుల మీద జారేవాళ్ళు వెడల్పు డెక్, బరువైన క్రోమోలీ స్టీలు బార్ వేసుకుంటారు. మా పాపకు ఇవి రెండూ ఇప్పుడే అక్కర్లేదు. వచ్చిన డెక్ పందొమ్మిదిన్నర అంగుళాల పొడవు, నాలుగున్నర అంగుళాల వెడల్పు. ఒక కాలు వెనక మరో కాలు పెట్టి హాయిగా నిలబడగలిగింది, చాలు అనుకున్నాం.

చక్రాలు 110 మిల్లీమీటర్ల ఎత్తు, 24 మందం ఉన్నవి తీసుకున్నాం. పాత ఫోర్క్ సందుకు ఆ మందమే పడుతుంది. 30 మందంవి కూడా ఉంటాయి, వాటికి ఫోర్క్, డెక్ రెండూ వెడల్పు ఉండాలి. పైపొర పాలీయురిథేన్, గట్టితనం 88ఏ అని రాసి ఉంది. నడిమి భాగం ప్లాస్టిక్ ఉన్నవి చవక. దూకే పిల్లలకు అల్యూమినియం నడిమి ఉన్నవే కొనండి.

బేరింగుల దగ్గర మా బాపు మొహం వెలిగిపోయింది. స్కూటర్ చక్రాల్లో ఉండేది 608 నంబరు బేరింగ్: లోపల 8, బయట 22, మందం 7 మిల్లీమీటర్లు. దాని కోసం ఆన్‌లైన్‌లో వెతకాల్సిన పనే లేదు. వరంగల్‌లో మోటార్లు, మిషన్ల సామాను అమ్మే బేరింగ్ షాపుకు వెళ్ళి "608 టూ ఆర్‌ఎస్ నాలుగియ్యండి" అన్నారు, అతను డ్రాయర్‌లోంచి తీసి ఇచ్చాడు. బేరింగ్ నంబరు చివర జడ్‌జడ్ అని ఉంటే రెండు వైపులా రేకు మూత. టూ ఆర్‌ఎస్ అంటే రెండు వైపులా రబ్బరు మూత. రబ్బరు మూత ఉన్నది కొంచెం బరువుగా తిరుగుతుంది కానీ మన దుమ్ముకు, వానాకాలం బురదకు అదే నిలుస్తుంది. డబ్బాల మీద పెద్దగా రాసే ఏబెక్ నంబరు కొలతల్లో కచ్చితత్వాన్ని చెబుతుంది. దూకితే తట్టుకుంటుందా లేదా అన్నది దాన్నిబట్టి తెలియదు.

బేరింగును చక్రంలోకి దించేటప్పుడు బాపు పాపను పక్కన కూర్చోబెట్టుకుని చూపించారు. లోపలి రింగు మీద కొడితే గుండ్లు దెబ్బతింటాయి, బయటి రింగు మీదే నొక్కాలి. రెండు బేరింగుల మధ్య చిన్న గొట్టం ముక్క ఉంటుంది, స్పేసర్ అంటారు. పాత చక్రాల్లో ఒకదానికి అది లేదు. "ఇది లేకపోతే ఇరుసు బిగిస్తే బేరింగు మీద ఒత్తిడి పడ్తది, చక్రం తిరగది. వదులుగ పెడ్తే ఊగుతది" అని ఆమెకు వివరించి, లేత్ దగ్గర ఒకటి చేయించుకొచ్చారు. పాప ఆ తర్వాత ఇంటికి వచ్చిన స్నేహితురాళ్ళకు ఇదే పాఠం చెప్పింది.

బిగింపు ఒక మధ్యాహ్నం పని. హెడ్‌సెట్ బేరింగులకు గ్రీజు రాసి డెక్ మెడలో కూర్చోబెట్టాం. కింది నుంచి ఫోర్క్ ఎక్కించి, పైన కంప్రెషన్ రింగు, మూత, షిమ్ వరసగా వేసి, ఫోర్క్ నెత్తి మీద కంప్రెషన్ బోల్టు పెట్టాం. ఐహెచ్‌సీలో బార్ తొడగకముందే ఈ బోల్టు సర్దుకోవాలి, తర్వాత అది బార్ లోపల దాక్కుంటుంది. కొంచెం కొంచెంగా బిగిస్తూ ఫోర్క్‌ను ముందుకూ వెనక్కూ ఊపి చూడాలి. టకటక శబ్దం ఆగిపోవాలి, తిప్పితే మాత్రం ఫోర్క్ సులువుగా తిరగాలి. ఆ తర్వాత క్లాంప్‌తో సహా బార్ దించి, ముందు చక్రానికి సూటిగా పెట్టి, క్లాంప్ బోల్టులను ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి బిగించాలి. ఇరుసు బోల్టులకు, అదురుకు వదులవకుండా పట్టి ఉంచే జిగురు, నీలం రంగు థ్రెడ్ లాకర్ ఒక చుక్క వేశాం. ఎరుపు రంగుది వేయకండి, మళ్ళీ విప్పడం గగనం.

హెల్మెట్ దగ్గర బేరం వద్దు. లోపల ఈఎన్ 1078 అని ముద్ర ఉందో లేదో చూడండి. సైకిల్, స్కేటింగ్ హెల్మెట్లకు వర్తించే యూరప్ ప్రమాణం అది. మోకాలి ప్యాడ్లతో పాటు చీలమండకు కూడా ఏదైనా మెత్త కట్టండి. డెక్‌ను కాళ్ళ కింద గుండ్రంగా తిప్పే ఆట నేర్చుకునేటప్పుడు డెక్ అంచు వచ్చి తగిలేది అక్కడే. చెప్పులతో ఎక్కనివ్వవద్దు.

ఇక తొక్కే చోటు. ఇంత చిన్న చక్రానికి కంకర రాయి ఒక్కటి అడ్డం వచ్చినా స్కూటర్ ఉన్నచోటే ఆగిపోతుంది, పిల్ల మాత్రం ముందుకు పోతుంది. మా కాలనీ సీసీ రోడ్డు మీద అక్కడక్కడా కంకర తేలి ఉంది, అక్కడ వద్దన్నాను. భద్రకాళి బండ్ మీదికి తీసుకెళ్ళమని అడిగింది. సాయంత్రాలు పెద్దవాళ్ళు నడిచే చోట ఇది సరికాదని చెప్పాను. చివరికి వాళ్ళ స్కూల్ పీఈటీ సార్‌ను అడిగితే ఆదివారం పొద్దున బాస్కెట్‌బాల్ కోర్టు వాడుకోమన్నారు. ముందు చీపురుతో ఊడ్చుకుంటాం. అక్కడ మొదటి పాఠం బ్రేకు. ఆ తర్వాత రెండు కాళ్ళతోనూ తన్నడం, అటుపైన ఉన్నచోటే స్కూటర్‌తో సహా ఎగరడం. ఇప్పుడు గాల్లో సగం తిరిగి దిగడం నేర్చుకుంటోంది. స్కూటర్ ఎక్కేముందు బార్ పట్టుకుని ముందు చక్రాన్ని నేలకు రెండుసార్లు తట్టి వింటుంది. టకటక వినిపిస్తే నేరుగా తాతయ్య దగ్గరకు పట్టుకెళ్తుంది.

మా కింది ఫ్లోర్‌లో ఎనిమిదేళ్ళ బాబు ఉన్నాడు. వాళ్ళమ్మ మొన్న "అక్కా, మావాడికి ఏది కొనమంటవ్?" అని అడిగింది. పూర్తిగా బిగించిన స్టంట్ స్కూటర్, ఐహెచ్‌సీ ఉన్నది, అల్యూమినియం నడిమి ఉన్న చక్రాలతో తీసుకోమన్నాను. డెక్ వాడి కాలికి మించి పెద్దది వద్దన్నాను. ఆర్డర్ పెట్టేముందు బార్ లోపలి కొలత, బయటి కొలత అమ్మేవాళ్ళతో రాయించుకోమన్నాను. పార్సిల్ వచ్చిన రోజు మా ఇంటికే తెమ్మన్నాను, వెర్నియర్ తీసి ఉంచుతారు బాపు.