గింబల్ యాక్చుయేటర్ లోడు లెక్క: బెల్లోస్ దగ్గర నా అనుభవం

మా లోడ్ రిపోర్టుకు ఎట్టకేలకు సంతకం పడింది. శ్రీహరికోట షార్ నుంచి రాకెట్ లేస్తే నెల్లూరులో మిద్దెలెక్కి చూస్తాం. పీఎస్ఎల్‌వీ రెండో దశలో వికాస్ ఇంజన్‌నే అటూ ఇటూ వంచి దారి మళ్లిస్తారని, ఆ వంచే గింబల్ యాక్చుయేటర్‌కు (ఇంజన్‌ను నెట్టే, లాగే పరికరం) ఎంత బలం కావాలో ముందే తేల్చాలని ఎవరికి పట్టింది?

జడత్వం లెక్క గంటలో అయిపోతుంది. 300 కేజీ-మీ² ఇంజన్‌కు సెకను వర్గానికి 2 రేడియన్ల త్వరణమిస్తే కావాల్సిన టార్క్ (తిప్పే బలం) 600 న్యూటన్-మీటర్లే. బేరింగ్ రాపిడి దానికి తాత: 800 కిలోన్యూటన్ల థ్రస్ట్, 5 సెం.మీ. బేరింగ్ వ్యాసార్థం, రాపిడి గుణకం 0.1 అనుకుంటే 4,000. థ్రస్ట్ గీత గింబల్ కేంద్రం (ఇంజన్ వంగే బిందువు) నుంచి 5 మి.మీ. తప్పుకున్నా మరో 4,000.

ప్రాణం తీసింది ఇంధన గొట్టాల బెల్లోస్ (గొట్టం వంగేందుకు పెట్టే ముడతల లోహపు భాగం). సరఫరాదారు ఇచ్చిన స్టిఫ్‌నెస్ (వంచితే ఎదురు తిరిగే బిగువు) ప్రెజర్ లేనప్పటిది. ప్రెజర్ మీద విలువ అడిగితే అదే కాగితం కొత్త లెటర్‌హెడ్ మీద పంపాడు. కొనుగోళ్ల ఆఫీసేమో "సర్టిఫికెట్ ఉందిగా సామీ, మళ్లీ టెస్టెందుకు?" అంది. ఎందుకో చూడండి. టై రాడ్లు (బెల్లోస్ సాగకుండా రెండు చివరలనూ కట్టే కడ్డీలు) లేని 200 మి.మీ. బెల్లోస్‌లో 5 బార్ ఉంటే 15.7 కిలోన్యూటన్ల తోపు. కేంద్రానికి 30 సెం.మీ. దూరంలో అది 4,700 న్యూటన్-మీటర్లు. ఎదుటి గొట్టం దీన్ని కొట్టేస్తుందంటారు. అందులో 3 బారే ఉంటే 1,900 దాకా మిగిలిపోతుంది. టై రాడ్లు పెడితే తోపు పోతుంది, పిన్నుల రాపిడి వస్తుంది.

చివరికి మేమే బిగించి, నీళ్లు నింపి, ప్రెజర్ మెట్లుమెట్లుగా పెంచుతూ, ప్రతి మెట్టులో కోణం ఎక్కిస్తూ దించుతూ లోడ్ సెల్ (బలం కొలిచే పరికరం) చదివాం. కోణానికి ఎదురుగా లోడు గీస్తే గ్రాఫులో లూప్ వస్తుంది: దాని వాలు స్టిఫ్‌నెస్, నిలువు వెడల్పులో సగం రాపిడి, సున్నా కోణం దగ్గర లూప్ నడిమి ఎత్తు ప్రెజర్ తోపు. క్రయోజెనిక్ (అతి చల్లటి ద్రవం మోసే) గొట్టానికి మాత్రం గది వేడిమిలో తీసిన ఈ అంకెలు నమ్మొద్దు.

అన్నిటినీ వర్గాల మొత్తానికి మూలం తీసి కలిపేసే వాళ్లంటే నాకు ఒళ్లు మంట. రాపిడి ఎప్పుడూ కదలికకు ఎదురే, స్థిర లోడ్లకు ప్లస్ లేదా మైనస్ గుర్తు ఉంటుంది. వాటిని నేరుగా కూడాలి. వర్గమూలం యాదృచ్ఛిక భాగాలకే. నేలమీద స్టార్టయ్యేటప్పుడు నాజిల్‌లో ప్రవాహం ఒక పక్కే విడిపోయి కొట్టే దెబ్బ వేరే కేసు, ఇందులో కలపొద్దు.

వచ్చిన టార్క్‌ను చేయి పొడవుతో (గింబల్ కేంద్రం నుంచి యాక్చుయేటర్ గీతకు లంబ దూరం) భాగించేటప్పుడు గరిష్ఠ కోణంలో చేయి ఎంత తగ్గిందో చూసుకోండి. హైడ్రాలిక్ యాక్చుయేటరైతే కదిలేటప్పటి లోడు స్టాల్ బలంలో (కదలిక ఆగిపోయే బలం) మూడింట రెండు వంతులు దాటొద్దు. అక్కడికే వేగం లోడు లేనప్పటి వేగంలో 58 శాతానికి పడిపోతుంది.